గట్టితనానికి గీటురాయి ఎవరిది?

1

జ్యోతినగర్ వెలుగు పేరు పెట్టుకున్న ఊరు. 1978 నవంబరు 14న రామగుండంలో ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1983లో మొదటి యూనిట్ నడిచింది. క్రమంగా 2,600 మెగావాట్లకు పెరిగిన ఆ కేంద్రంలో పనిచేసే ఉద్యోగుల కాలనీయే జ్యోతినగర్. ఒకవైపు సింగరేణి బాయిలు, మరోవైపు గోదావరి, మధ్య ఈ కాలనీ.

ఈ మధ్య ఒక సాయంత్రం గోదావరిఖని పోయే దారిలో ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు ముందు నిలబడ్డాను. బూడిద ఎత్తే పనిలో ఉన్న కాంట్రాక్టు కార్మికుడొకడు షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. అతని ఫోను ధనుస్సులా కొంచెం వంగింది. అద్దం అంచు లేచింది. తెరమీద సగం చీకటి.

"వెనక జేబుల పెట్టుకొని కూసున్నవా అన్నా?" అని అడిగాడు కొట్టు కుర్రవాడు.

"మరి యాడ పెట్టుకోవాలె తమ్మీ? చేతులల్ల పార ఉండె."

అతను అంతకుముందే కంపెనీ సర్వీసు కేంద్రానికి వెళ్ళి వచ్చాడు. అక్కడ కాగితం మీద ఒక్క ముక్క రాసిచ్చారు: వాడకంలో జరిగిన నష్టం. అంటే వారంటీ లేదు. ఆ ఫోను డబ్బా ఇంకా అతని సంచిలోనే ఉన్నది. దానిమీద మాత్రం కఠిన పరీక్షలకు నిలిచిన ఫోను అని అచ్చు వేసి ఉన్నది.

ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చునా? కావచ్చు. ఫోను పరీక్షకు నిలిచి ఉంటుంది, వాడకానికి నిలవలేదు. అయితే వాడకానికి నిలుస్తుందో లేదో చెప్పలేని పరీక్ష దేనికి? ఆ పరీక్షలో వేసిన బరువు ఎవరిది? లెక్క ఎవరి దగ్గర ఉన్నది? విరిగిన తర్వాత నష్టం ఎవరి నెత్తిన పడింది?

ఇవి కొత్త ప్రశ్నలని మనం అనుకుంటాము. కావు. వస్తువును వంచి, లాగి, మళ్ళీమళ్ళీ శ్రమపెట్టి దాని ఆయువు కట్టే విద్యకు పురిటిల్లు గనియే. కనుక ఈ చరిత్రను బొగ్గుగనుల ప్రాంతం నుంచి చూడటమే న్యాయం.

2

వంగటం గురించి శాస్త్రీయంగా మొట్టమొదట ఆలోచించినవారిలో గెలీలియో ఒకడు. 1638లో వెలువడిన గ్రంథంలో, ఒక కొన గోడలో దిగి రెండో కొనకు బరువు వేలాడే దూలం ఎప్పుడు విరుగుతుందని అతడు విచారించాడు. దూలపు మందం రెట్టింపైతే అది మోయగల బరువు నాలుగింతలవుతుందని గ్రహించాడు. అయితే అతడు విచారించినది ఒక్కసారి వేసే బరువును గురించి. జీవితంలో బరువులు ఒక్కసారి పడి ఊరుకోవు. రోజూ పడతాయి.

ఆ రోజువారీ బరువును లెక్కలోకి తెచ్చినవాడు జర్మనీలో హార్జ్ కొండల గనుల అధికారి విల్హెల్మ్ ఆల్బర్ట్. క్లౌస్టాల్ గనులలో ఖనిజాన్ని ఇనుప గొలుసులతో పైకి లాగేవారు. గొలుసు కొన్న నాడు గట్టిదే. మోయవలసిన దానికన్న ఎక్కువ బరువును మోసి చూపినదే. అయినా ఒకనాడు, మామూలు బరువుతోనే, ఏ హెచ్చరికా లేకుండా తెగేది. 1829 ప్రాంతంలో ఆల్బర్ట్ ఒక యంత్రం కట్టించి, గొలుసు మీద అదే బరువును వేసి తీసి, వేసి తీసి చూశాడు. గొలుసు తెగటం బరువు మీదనే గాక ఎన్నిసార్లు బరువు పడిందనే దానిమీద కూడ ఆధారపడి ఉంటుందని తేలింది. ఈనాడు లోహపు అలసట అని మనం పిలుస్తున్న దానికి తొలి పరీక్ష ఇదే. ఆల్బర్ట్ అక్కడితో ఆగక ఇనుప తీగలను పేని తాడు చేయించాడు. 1834లో ఆ తాడు గనిలో పనిలోకి దిగింది. గొలుసులో ఒక కొక్కెం విరిగితే అంతా పోయినట్టే. తాడులో ఒక తీగ తెగినా తక్కినవి మోస్తాయి, తెగిన తీగ కంటికి కనిపించి ముందుగా చెబుతుంది.

1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గర రైలింజను ఇరుసు విరిగి, పెట్టెలు తగలబడి, 50 మందికి పైగా చనిపోయారు. కొత్తగా వచ్చిన రైళ్ళకు కూడ గొలుసు జబ్బే ఉన్నదని లోకానికి తెలిసింది. ఆ తర్వాత ప్రష్యా రైల్వేలో ఆగస్ట్ వోలర్ ఇరుసులను యంత్రం మీద తిప్పి తిప్పి, వంచి వంచి, ఏళ్ళ తరబడి పరీక్షలు జరిపాడు. ఈనాడు ఫోను కంపెనీ గదిలో యంత్రపు వేలు ఒక మీటను లక్షసార్లు నొక్కుతున్నా, మరో యంత్రం ఫోనును మూడు చోట్ల పట్టి వంచుతున్నా, దాని వంశవృక్షం ఆ గని గొలుసు దగ్గర మొదలవుతుంది. అంటే మన జేబులోని వస్తువు కోసం గనిపని వారు ముందే ప్రాణాలతో పాఠం కొన్నారు.

3

పరీక్ష ఉన్నంత మాత్రాన సరిపోదని కూడ గనియే నేర్పింది.

1812 మే 25న ఇంగ్లండులో ఫెల్లింగ్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 92 మంది చనిపోయారు. ఆ వేదనలోనుంచి రక్షణదీపం పుట్టింది. 1815లో హంఫ్రీ డేవీ దీపపు మంట చుట్టూ సన్నని తీగజల్లెడ అమర్చాడు. జల్లెడ వేడిని పీల్చుకొని మంటను బయటి వాయువుకు అంటనీయదు. ప్రయోగశాలలో అది నిలిచింది. గనిలోనూ నిలిచిందన్నారు. యజమానులు సంతోషించారు. ఎందుకు? అంతకుముందు వాయువు భయంతో వదిలేసిన పొరలలోకి కూడ ఇప్పుడు మనుషులను దింపవచ్చు.

దింపారు. అయితే నిశ్చలమైన గాలిలో మంటను ఆపిన జల్లెడ, గనిలో వీచే గాలి జోరుకు మంటను ఆపలేకపోయింది. జల్లెడకు చిల్లు పడ్డా, నూనె మరక అంటినా అంతే. 1839లో సౌత్ షీల్డ్స్‌లో సెయింట్ హిల్డా గని పేలి 50 మందికి పైగా మరణించారు. అప్పుడు ఆ ఊరి పౌరులే ఒక సంఘంగా ఏర్పడి విచారణ జరిపి, 1843లో నివేదిక ప్రకటించారు. డేవీ దీపం ఒక్కదాన్నే నమ్ముకోవటం ప్రమాదమని, గాలి వెలుతురుల ఏర్పాటు సరిగా ఉండాలని చెప్పారు. గమనించవలసినదేమంటే, పరీక్ష తప్పు కాదు. పరీక్ష జరిగిన గది వేరు, దీపం వెలిగిన చోటు వేరు. ఆ తేడా అంతా బొగ్గు కొట్టేవాని ప్రాణం మీదికి వచ్చింది.

1913 అక్టోబరు 14న వేల్సులో సెంఘెనిడ్ గని పేలింది. 439 మంది గనికార్మికులు చనిపోయారు. గనిలో సంకేతాలు పంపటానికి వాడే విద్యుత్ గంటల తీగల నుంచి లేచిన నిప్పురవ్వ కారణమై ఉండవచ్చునన్న అనుమానం బలంగా వచ్చింది. ఎంత చిన్న రవ్వ గని వాయువును అంటించగలదో అప్పటి నుంచి శాస్త్రజ్ఞులు కొలిచారు. అంతకన్న తక్కువ శక్తితో నడిచే పరికరాలనే గనిలోకి అనుమతించాలన్న సూత్రం అందులోనుంచి వచ్చింది. ఈనాడు బాయిలోకి దిగే కార్మికుడు తన మామూలు ఫోను పైనే వదిలి, క్యాప్‌ల్యాంపు పెట్టుకొని పోవటం వెనుక ఈ చరిత్ర ఉన్నది. మాట చేరవేసే పరికరాన్ని కూడ పరీక్షించి తీరాలని చెప్పినది కంపెనీ ప్రకటన కాదు, 439 శవాలు.

ఈ పరీక్షలు క్రమంగా చట్టంలోకి వచ్చాయి. మన సంగతే చూడండి. 1871లో భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో ఇల్లందులో బొగ్గు తీయటం మొదలైంది. 1920లో ఆ కంపెనీ సింగరేణి కాలరీస్ అయింది. రామగుండం ప్రాంతంలో 1961లో గనులు తెరిచేనాటికి 1952 గనుల చట్టం, దాని కింద 1957 బొగ్గుగనుల నిబంధనలు వచ్చి ఉన్నాయి. ఆ నిబంధనలలో మనుషులను దించి ఎక్కించే తాడును గురించి రాసిన భాగం చదివితే ఒక కొత్త నీతి కనిపిస్తుంది. తాడును సమర్థుడైన మనిషి రోజూ చూడాలి. ఆరునెలలకు ఒకసారైనా తాడు కొన కోసి, కోసిన ముక్కను విప్పి, లోపలి తీగలు ఎట్లా ఉన్నవో చూడాలి. చూసిన సంగతి పుటల సంఖ్య వేసి కుట్టిన పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. తాడు చూపుకు ఎంత బాగున్నా మూడున్నర సంవత్సరాలు దాటితే దానిని తీసివేయాలి.

ఇక్కడ మూడు సూత్రాలు ఉన్నాయి. పరీక్ష కొన్ననాటితో ముగియదు, వాడకంతో పాటు సాగుతుంది. దాని ఫలితం యజమాని జ్ఞాపకంలో గాక, తనిఖీదారు అడిగి చూడగల పుస్తకంలో ఉంటుంది. వస్తువు ఆయువు తీరే రోజును నిర్ణయించేది దానిమీద వేలాడే మనిషి క్షేమం. ఈ సూత్రాలు ఎప్పుడూ సక్రమంగా అమలు జరిగాయని ఎవరూ చెప్పరు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకువచ్చి 17 మంది చనిపోయిన సంగతి ఈ ప్రాంతం మరువలేదు. అయినా సూత్రమంటూ ఉన్నది కనుకనే, అది తప్పినప్పుడు నిలదీయటానికి కార్మికునికి ఒక ఆధారం ఉన్నది.

4

అయితే పరీక్ష అనే ఆయుధానికి రెండువైపులా పదును. జ్యోతినగర్‌లో నివసించేవారు తెలుసుకోదగిన కథ ఒకటి ఉన్నది. అది దీపపు బుడ్డి కథ.

1924 డిసెంబరులో జెనీవాలో యూరప్, అమెరికా, జపాన్ దేశాల పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు ఫీబస్ అనే పేరుతో కూటమి కట్టాయి. ఓస్రామ్, ఫిలిప్స్ వంటివి అందులో ఉన్నాయి. అప్పటికి బల్బులు 1,500 గంటలు, 2,000 గంటలు కూడ వెలిగేవి. కూటమి దాన్ని 1,000 గంటలకు దించాలని నిర్ణయించింది. దీనికి ఒక పరీక్షశాల ఏర్పాటు చేశారు. సభ్య కంపెనీలు తమ బల్బులను అక్కడికి పంపాలి.  నిర్ణయించిన దానికన్న చాలా ఎక్కువకాలం వెలిగితే కంపెనీకి జరిమానా!

ఒకే రకం పరీక్ష, ఒకే రకం గడియారం. గనిలో తాడుకు మూడున్నరేళ్ళ గడువు పెట్టినది మనిషి బతకటానికి. బల్బుకు వెయ్యి గంటల గడువు పెట్టినది మరో బల్బు అమ్ముడుపోవటానికి. వస్తువు ఆయువు కొలిచే విద్య ఎవరి చేతిలో ఉన్నదన్నదే అసలు ప్రశ్న అని ఇంతకన్న స్పష్టంగా చెప్పగల ఉదాహరణ నాకు కనిపించదు. రెండో ప్రపంచయుద్ధంతో ఆ కూటమి చెదిరిపోయింది. దాని బుద్ధి మాత్రం చెదరలేదు.

5

ఇప్పుడు ఫోను దగ్గరికి వద్దాము.

2014 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీ ఐఫోన్ 6, 6 ప్లస్ అనే రెండు రకాలు విడుదల చేసింది. అంతకుముందరి 5ఎస్ మందం 7.6 మిల్లీమీటర్లు; 6 మందం 6.9, 6 ప్లస్ మందం 7.1. పలుచనగా ఉండటమే గొప్పగా ప్రకటించారు. కొద్దిరోజులలోనే జేబులో వంగిన ఫోన్ల బొమ్మలు ప్రపంచమంతా తిరిగాయి. అమ్మకాలు మొదలైన ఆరు రోజులలో తమకు ఫిర్యాదు చేసినవారు తొమ్మిదిమందేనని కంపెనీ జవాబు చెప్పింది. తన పరీక్షశాలను పత్రికలవారికి చూపించింది. అక్కడ వంచే యంత్రాలు, మెలిపెట్టే యంత్రాలు, జీన్సు జేబులో కూర్చున్నట్టు నొక్కే యంత్రాలు ఉన్నాయి. మూడు చోట్ల పట్టి వంచే పరీక్షలో 25 కిలోల బరువు వేస్తామన్నారు.

అమెరికాలో వినియోగదారుల పక్షాన పనిచేసే కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే సంస్థ తానే ఆ పరీక్ష చేసి లెక్కలు ప్రకటించింది. ఐఫోన్ 6 సుమారు 32 కిలోల దగ్గర వంగి, ఆ వంపు అట్లాగే ఉండిపోయింది. 6 ప్లస్ 41 కిలోల దగ్గర వంగింది. పాత ఐఫోన్ 5 మాత్రం 59 కిలోల దాకా, శామ్‌సంగ్ నోట్ 3 అయితే 68 కిలోల దాకా నిలిచాయి. జనం భయపడినంత బలహీనంగా కొత్త ఫోన్లు లేవని ఆ సంస్థ నిజాయితీగా చెప్పింది. కాని పాతదాని కన్న కొత్తది చాలా తక్కువ బరువుకే లొంగిందన్న సంగతి కూడ ఆ అంకెలలోనే ఉన్నది.

ఇందులో రహస్యమేమీ లేదు. మన తరగతి గదులలో చెప్పే లెక్కే. ఒకే లోహం, ఒకే వెడల్పు గల పలక వంగకుండా నిలిచే బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది. మందం 7.6 నుంచి 6.9కి దిగితే తగ్గినది తొమ్మిది శాతమే. బిగువు మాత్రం సుమారు నాలుగోవంతు పోతుంది. ఇది ఫోను చేసిన ఇంజనీర్లకు తెలియక కాదు. 2018లో అమెరికా న్యాయస్థానంలో బయటపడిన పత్రాలు ఆ సంగతే చెప్పాయి: 5ఎస్‌తో పోల్చితే ఐఫోన్ 6 వంగే అవకాశం 3.3 రెట్లు, 6 ప్లస్ వంగే అవకాశం 7.2 రెట్లు ఎక్కువని విడుదలకు ముందే కంపెనీ సొంత పరీక్షలు తేల్చాయి. పరీక్ష జరిగింది. ఫలితం వచ్చింది. ఆ ఫలితం కొనేవానికి చేరలేదు.

ఇంతలో మరొక జబ్బు బయటపడింది. ఫోను కొద్దికొద్దిగా వంగినప్పుడల్లా లోపలి పలక మీద తాకిడిని గుర్తించే చిప్ అతుకులు వదులయ్యాయి. తెర స్పందించటం మానేసింది. 2016 నవంబరులో కంపెనీ మరమ్మతు పథకం ప్రకటించింది. ధర 149 డాలర్లు. కారణంగా చెప్పినది, ఫోను గట్టి నేలమీద పలుమార్లు పడి, ఆ తర్వాత మరింత ఒత్తిడికి గురికావటం. ఆల్బర్ట్ గొలుసు గుర్తుకు రావటం లేదా? మామూలు బరువు, మళ్ళీమళ్ళీ పడి, ఒకనాడు తెగటం. కాకపోతే గొలుసు తెగినప్పుడు ఆల్బర్ట్ గొలుసును పరీక్షించాడు. ఇక్కడ నింద వాడినవాడి మీదికి పోయింది.

2019లో శామ్‌సంగ్ మడతపెట్టే ఫోను తెచ్చింది. యంత్రం దానిని 2,00,000 సార్లు మడిచి తెరిచే దృశ్యం చూపించారు. ఏప్రిల్‌లో విమర్శకుల చేతికిచ్చిన నమూనాలలో కొన్ని రెండు మూడు రోజులకే పాడైనాయి. మడత సందులోనుంచి నలుసులు లోపలికి పోయాయి. కొందరు పైపొరను తీసేయవచ్చునని భ్రమపడి ఒలిచారు. విడుదల ఆపి, సరిచేసి, సెప్టెంబరులో అమ్మారు. యంత్రపు చేతికి దుమ్ము లేదు, గోరు లేదు, భ్రమ లేదు. నిశ్చలమైన గాలిలో వెలిగిన డేవీ దీపం లాంటిదే అదీ.

6

ఆ గదికీ మన ఊరికీ ఎంత దూరమో చూడండి.

ఆపిల్, శామ్‌సంగ్ కంపెనీలు తమ ఫోన్లను చుట్టూ ఉష్ణోగ్రత సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని రాస్తాయి. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. అంటే కంపెనీ లెక్కలో ఎండాకాలమంతా మన ప్రాంతం వాడకానికి పనికిరాని చోటు. ఓపెన్‌కాస్టు అంచున నిలబడిన డ్రైవరు, బొగ్గు టిప్పర్ వెనక బండి నడిపే కుర్రవాడు, బూడిద చెరువు దగ్గర కూలి, వీరంతా తమకు తెలియకుండానే హద్దు దాటిన నేరస్థులు.

ఇక గీతల సంగతి. 1812లో ఫ్రెడరిక్ మోస్ ఖనిజాల కాఠిన్యానికి ఒక మెట్ల వరుస ఏర్పరిచాడు. మెత్తని టాల్కు 1, వజ్రం 10. ఫోను అద్దం మీద సాధారణంగా ఆరో మెట్టు దగ్గర గీత పడుతుంది. బొగ్గు అద్దం కన్న మెత్తన. దానితో భయం లేదు. కాని గోదావరి ఇసుకలో ఉండే క్వార్ట్‌జ్ ఏడో మెట్టు. బొగ్గు తీసిన గుల్లను నింపటానికి బాయిలు వాడుకున్నది ఆ ఇసుకనే. బొగ్గు పొరలకు పైన, కింద ఉన్నది ఇసుకరాయే. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదలోనూ క్వార్ట్‌జ్ ఉంటుంది. మన జేబులలో చేరే దుమ్ము అదే. ఇక ఫోను లోపలికి దుమ్ము పోదని చెప్పే అంతర్జాతీయ పరీక్ష దేనితో చేస్తారు? టాల్కు పొడితో. మోస్ వరుసలో మొదటి మెట్టుతో! పొడి లోపలికి చొరబడుతుందా అనేది చూడటానికి అది చాలు. దుమ్ము గీరుతుందా అనే ప్రశ్న ఆ పరీక్ష అడగనే అడగదు.

నీటి పరీక్ష కూడ అంతే. మంచినీటి తొట్టిలో, కదలని నీటిలో, నిర్ణీతకాలం కొత్త ఫోనును ముంచుతారు. చెమటలో ఉప్పు ఉంటుంది. రెండేళ్ళు వాడిన ఫోను రబ్బరు కొత్తదానిలా ఉండదు. నీటిని ఆపే శక్తి శాశ్వతం కాదని, తడిస్తే వారంటీ వర్తించదని చిన్న అక్షరాలలో రాస్తారు. ఈత కొలనులో ఫోనుతో నవ్వే మనిషి బొమ్మ పెద్దదిగా వేస్తారు. ఈ వైరుధ్యాన్ని కొన్ని దేశాలు సహించలేదు. 2020లో ఇటలీ పోటీ వ్యవహారాల సంస్థ ఆపిల్‌కు కోటి యూరోల జరిమానా వేసింది. 2022లో ఆస్ట్రేలియా న్యాయస్థానం శామ్‌సంగ్ చేత 1.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు కట్టించింది.

సైనిక ప్రమాణం అన్న మాట కూడ డబ్బాల మీద చూస్తుంటాము. 1962లో మొదలైన అమెరికా సైన్యపు ప్రమాణమది. దానిలో ఒక పరీక్ష ప్రకారం వస్తువును నాలుగడుగుల ఎత్తునుంచి 26 సార్లు పడవేయాలి. కాని ఆ 26 పాట్లను ఐదు నమూనాల మధ్య పంచవచ్చు. పడేది కాంక్రీటు మీద పరిచిన చెక్క పలక మీద. పైగా ఫోను కంపెనీ తానే పరీక్షించి తానే చెప్పుకుంటుంది. సైన్యం వచ్చి ముద్ర వేయదు. పెండ్లికొడుకు గుణగణాలను పెండ్లికొడుకునే అడిగి రాసుకున్నట్టున్నది.

7

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. తాడు తెగితే మనుషులు పోతారు. ఫోను వంగితే ఎవరు చచ్చారు, అని అడగవచ్చు. నిజమే, రెండూ సమానం కావు. కాని ఫోను ఇప్పుడు ముచ్చట వస్తువు కాదు. బ్యాంకు నుంచి వచ్చే సంఖ్య దానిలోనే వస్తుంది. రేపు ఏ షిఫ్టో మేస్త్రీ చెప్పేది దానిలోనే. పిల్లవాని పాఠం, ఆసుపత్రి చీటీ, ప్రభుత్వ పథకపు దరఖాస్తు అన్నీ దానిలోనే. పూర్వం కోల్ ఫిల్లరుకు తట్టా చెమ్మస్ ఎట్లాంటివో ఈనాటి కూలికి ఫోను అట్లాంటి పనిముట్టు. పార విరిగితే కొత్త పార ఇవ్వటం యజమాని పని. ఫోను విరిగితే కార్మికుడు కిస్తీ మీద కొనుక్కోవాలి.

కంపెనీలు పరీక్షించకపోతే అసలే నష్టం కదా అనవచ్చు. ఇదీ నిజమే. పరీక్షల వల్ల ఫోన్లు మెరుగైనాయి. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు అంతకన్న గట్టి అల్యూమినియం మిశ్రమలోహం వాడారు. అయితే ఆ మార్పు ఎప్పుడు వచ్చింది? జనం వంగిన ఫోన్లను బజారున పెట్టిన తర్వాత. పరీక్షశాల లోపల ఉన్న నిజానికి లేని బలం బజారులోని నిజానికి ఉన్నది.

ఫోన్లను ఉద్యోగమన్నట్టు వంచి విరిచి చూపించేవారు ఉన్నారు కదా, అది చాలదా అని విద్యార్థులు అడుగుతారు. వారు మేలు చేశారు, కాదనను. కాని ఒక మనిషి బొటనవేళ్ళ బలం కొలమానం కాదు. ఒక్క నమూనా విరగటం వినోదం; పది నమూనాలను ఒకే బరువుతో పరీక్షించి లెక్క ప్రకటించటం విజ్ఞానం. మనకు కావలసినది రెండోది.

అది అసాధ్యమా? 2021 జనవరి నుంచి ఫ్రాన్సులో అమ్మే ఫోను మీద, బాగుచేయటం ఎంత సులువో పదికి ఇన్ని మార్కులని వేయవలసి వచ్చింది. 2025 జూన్ 20 నుంచి యూరప్ కూటమి దేశాలలో కొత్తగా వచ్చే మామూలు ఫోను తొడుగు లేకుండా 45 పాట్లకు నిలవాలి. 800 సార్లు చార్జి చేసిన తర్వాత కూడ బ్యాటరీలో 80 శాతం శక్తి మిగలాలి. అమ్మకం ఆపిన తర్వాత ఏడేళ్ళ దాకా ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. అవే కంపెనీలు, అవే ఫోన్లు. చట్టం అడిగింది కనుక లెక్క చెబుతున్నాయి.

మన దేశం సంగతి? 2015 నుంచి శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారం షావోమీ ఫోన్లు కూర్చింది. తెలుగువారి చేతులే వాటిని బిగించాయి. మన ప్రభుత్వం ఫోన్ల విద్యుద్భద్రతకు నమోదు తప్పనిసరి చేసింది. ఫోనులో తెలుగు అక్షరాలు చదవగలగాలని కూడ ప్రమాణం పెట్టింది. అంటే అడగదలచుకున్నప్పుడు అడగగలదు. 2022 జులైలో బాగుచేయించుకునే హక్కును గురించి కేంద్ర వినియోగదారుల శాఖ ఒక సంఘాన్ని వేసింది. మరమ్మతు సౌలభ్యానికి మార్కులు వేసే పద్ధతిపై మరో సంఘం 2025 మేలో నివేదిక ఇచ్చింది. మంచిదే. కాని మార్కుల పట్టీ ఒకటి, తాడు పుస్తకం ఒకటి. తప్పితే నిలదీయగల నిబంధన అయినప్పుడే దానికి విలువ.

8

కాబట్టి మనం అడగవలసినది స్పష్టం. వంగుడు, పాటు, వేడి, చెమట పరీక్షల ఫలితాలు కంపెనీ సొరుగులో గాక డబ్బా మీద ఉండాలి. పరీక్ష చేసేది అమ్మేవాడు కాకూడదు. పరీక్షలో వేసే బరువు, వేడి, దుమ్ము 45 డిగ్రీల రామగుండానివి కావాలి. వాడకంలో నష్టం అని రాసేముందు, ఏ వాడకానికి నిలుస్తుందని అమ్మారో చెప్పవలసిన బాధ్యత అమ్మినవాడిది కావాలి.

పై నుంచి చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కరలేదు. 1843లో సౌత్ షీల్డ్స్ పౌరులు ప్రభుత్వం కోసం ఆగలేదు. మూడు చోట్ల పట్టి వంచే పరీక్షకు కావలసిన పరికరం పాలిటెక్నిక్ కాలేజీలలో మామూలుగా ఉండేదే. ఈ ప్రాంతపు మరమ్మతు కొట్లలో రోజూ విప్పుతున్న ఫోన్లు మన శాస్త్రజ్ఞులకు తెరవని పుస్తకాలు. ఏ రకం ఫోను, ఎన్ని నెలలు నడిచింది, ఎక్కడ వదిలింది, ఏ పని చేసేవాడిది అని ఒక నోటు పుస్తకంలో ఏడాదిపాటు రాయండి. ఆల్బర్ట్ చేసినదీ ప్రాథమికంగా అదే: తెగిన చోటును చూడటం, ఎన్నిసార్లో లెక్కపెట్టటం.

ఆ సాయంత్రం కొట్టు కుర్రవాడు ఫోను విప్పి, వంగిన చట్రాన్ని బల్లమీద పెట్టి చెక్కసుత్తితో నెమ్మదిగా సరిచేశాడు. తెర కొత్తది వేయాలన్నాడు. ధర చెప్పాడు. కార్మికుడు కాసేపు మాట్లాడలేదు.

"జీతం పడినంక వస్త తమ్మీ. అప్పటిదాంక నీ దగ్గర్నే ఉండనీ" అని వెళ్ళిపోయాడు.

జీతం పడినట్టు చెప్పే సందేశం ఆ ఫోనుకే వస్తుంది.